లడఖ్ బండీ, మిరప కల్లమూ

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి మాటేమీ కాదు. ఫోన్లో వీడియోలు ఆగకుండా ఆడడం అప్పుడే మొదలైంది, నాకు మొదటి ఉద్యోగం వచ్చింది, నెత్తిన జుట్టు దట్టంగా ఉండేది. (ఈ మూడింట్లో ఇప్పటికి నాతో మిగిలింది వీడియోలే.) ఒంగోల్లో ఒక గ్రానైటు కంపెనీ ఆఫీసులో పని. చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే నల్లరాళ్ల కొలతలు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ కూర్చోవాలి. పొద్దున ఏసీ గదిలో కూలబడితే సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవాల్సిన అవసరం రాదు. అలా కదలకుండా కూర్చునేవాడికి కొండలూ లోయలూ కలలోకి రావడం సహజమేననుకుంటాను. మధ్యాహ్నం అన్నం తిని, క్యారియరు కడక్కుండానే ఫోను తీసేవాణ్ణి. అందులో గడ్డాల కుర్రాళ్లు పెట్టెలు కట్టిన మోటారుసైకిళ్ల మీద లడఖ్ వెళుతూ ఉండేవారు. మనిషి జాడలేని రోడ్డు మీద బండి ఆపి, పెట్టెలోంచి చిన్న పొయ్యి తీసి, టీ కాచుకుని, మంచుకొండల కేసి చూస్తూ తాగేవారు. ఆ టీ నా గొంతులోనే దిగుతున్నట్టుండేది. నేనూ వెళ్తున్నానని ఆఫీసులో అందరికీ చెప్పేశాను. ఎప్పుడని అడిగినవాళ్లకి "బండి ఇంకా రెడీ కాలేదు" అని జవాబు. చివరికి నాకు ఆ పేరే స్థిరపడిపోయింది. "లడఖ్, ఆ ఫైలు ఇటియ్యి", "లడఖ్‌కి ఇవాళ జలుబంట, రాలేదు" అనేవారు.

నా బండి మూడొందల యాభై సీసీది. మరీ ఏనుగూ కాదు, మరీ మేకా కాదు. కంపెనీ పేరు చెప్పను, జరిగినదాంట్లో దాని తప్పేమీ లేదు కనక. కొన్న రోజున అది చక్కటి బండి. దానికి నేను చేసిన అలంకారమంతా గుంటూరులో జరిగింది. అక్కడ బండ్ల సామాన్లు అమ్మే కొట్లు వరసగా ఉండే వీధి ఒకటుంది. ఆ వీధిలో ఒక కొట్టాయన్ని అందరూ 'అన్న' అనేవారు. అన్న ఏదీ కొనమని అడిగేవాడు కాదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, పెద్దాసుపత్రి డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసి, పెదవి విరిచి, "ఈ సీటు మీద ఇన్నాళ్లూ ఎట్టా కూర్చున్నారు సార్?" అనేవాడు. అంతే. అప్పటిదాకా ఏ నొప్పీ ఎరగని నా నడుం అక్కడికక్కడే పట్టేసేది.

అలా మొదట జెల్ సీటు వచ్చింది. మెత్తటి సీటు వేశాక నేను ఎత్తయి, హ్యాండిల్ కిందికి పోయినట్టనిపించింది. దాన్ని పైకెత్తే ముక్కలు వేయించాను. హ్యాండిల్ లేచాక గాలి నేరుగా ఛాతీకి కొడుతోందని ముందు విండ్‌షీల్డు పెట్టించాను. అది ఊగుతోందని దానికి ఇనప ఊతలు. కాళ్లు చాపుకోడానికి పొడుగు ఫుట్‌రెస్టులు కావాలి, అవి తగిలించడానికి వెడల్పాటి క్రాష్‌గార్డు కావాలి. ఇక సామాను సంగతికొస్తే, అటొకటీ ఇటొకటీ అల్యూమినియం పెట్టెలు, వెనక తాళం పడే టాప్‌బాక్సు, ట్యాంకు మీద అయస్కాంతాలతో అతుక్కునే సంచీ, ఫోను పెట్టుకునే స్టాండు, ఆ ఫోనుకి ఛార్జరు. ఇవన్నీ అయ్యాక అన్న నా వెనకసీటు వైపు జాలిగా చూసి, "మరి మేడంగారి సంగతేంది సార్?" అన్నాడు. దాంతో వెనక కూర్చునేవాళ్లు వీపు ఆనించుకోడానికి ఒక లావుపాటి దిండు బిగించాడు. (అప్పటికి నాకు పెళ్లి కాలేదు, అయ్యే సూచనలూ లేవు. ఆ దిండు ఎవరికోసంరా అని అమ్మ అడిగితే, బండికి నిండుదనం కోసమన్నాను.)

బండికి నిండుదనం బాగానే వచ్చింది. ఎంతగా అంటే, అది మా ఇంటి గేటులో పట్టడం మానేసింది. శనివారం సాయంత్రం ఒంగోలు నుంచి అద్దంకి పక్కనున్న మా ఊరికి వచ్చేవాణ్ణి, సోమవారం పొద్దున మళ్లీ వెళ్లేవాణ్ణి. ఆ రెండు రాత్రులూ నా బండి వీధిలోనే పడుకునేది. ఒంగోల్లో ఒక స్నేహితుడి అపార్టుమెంటుకి వెళితే వాచ్‌మన్ నా పెట్టెల కేసి చూసి, "ఏ ఫ్లాటుకి బాబూ ఆర్డరు?" అన్నాడు. మా ఊళ్లో పాల కేంద్రం అరుగు మీద కూర్చునే పెద్దమనుషులైతే, "ఏరా, కొరియరులో చేరావా? రాళ్ల కంపెనీ తీసేసిందా?" అని ఆప్యాయంగా అడిగారు. నేను నవ్వి, కళ్లద్దాలు సవరించుకుని, వీళ్లకేం తెలుసులే అనుకున్నాను.

నాన్న మాత్రం చాలాకాలం ఏమీ అనలేదు. ఆయనకొక పాత మోపెడ్ ఉండేది. రెండు యూరియా బస్తాలు, వాటిపైన మందు డబ్బాలు, ఆ పైన గడ్డిమోపు, ఖాళీ ఉంటే అమ్మ, అన్నీ దాని మీదే. దూరం నుంచి చూస్తే మనిషి కనపడేవాడు కాదు, బస్తాలే బండి తోలుకుంటూ వస్తున్నట్టుండేది. ఆ మోపెడ్‌కి ఉన్న ఏకైక అలంకారం సామాను కట్టుకునే ఒక పాత సైకిల్ ట్యూబు. ఒకరోజు ఆయన నా బండి చుట్టూ తిరిగి పక్కపెట్టె మీద వేలితో కొట్టి చూశాడు.

"దీంట్లో ఏం పెడతావురా?"

"సామాను నాన్నా."

"ఏం సామాను?"

తెరిచి చూపించాను. మడతపెట్టే పొయ్యి, చిన్న గాలిపంపు, చెయినుకి కొట్టే స్ప్రే, రెయిన్‌కోటు, లోపల బొచ్చున్న చేతి తొడుగులు. నాన్న ఒక తొడుగు తీసి చేతికి వేసుకుని, మార్చి ఎండలో కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, తీసి జాగ్రత్తగా లోపల పెట్టేశాడు. "మంచిది" అన్నాడు. (మా నాన్న 'మంచిది' అన్నాడంటే, ఆ విషయం మీద ఇక మాట్లాడడానికి ఏమీ మిగల్లేదని అర్థం.)

ఆ మరుసటి వారమే జరిగింది అసలు సంగతి. ఆ ఏడు మా చేలో మిరప బాగా కాసింది. కోతలు అయిపోయి, పండిందంతా ఊరి బయట కల్లంలో ఆరుతోంది. ఎర్రగా, నేల కనపడకుండా పరుచుకుని ఉంది. దాంట్లో మాదే కాక మా మేనత్త పండించిన కాయలూ ఒక పక్కన ఉన్నాయి. మేనత్త అంటే నాన్నకి అక్క. ఆవిడ ఒక మాటందంటే దానికి అప్పీలు లేదు కనక ఊరంతా ఆవిణ్ణి చాటుగా 'హైకోర్టు' అనేవారు. కాయలు గలగలమనేదాకా ఆరాయి, ఇంకో రెండ్రోజుల్లో గోతాలకెత్తి గుంటూరు పంపడమే తరవాయి. కప్పడానికి ఉన్న టార్పాలిన్ పట్టల్లో ఒకదాన్ని ఎలుకలు జల్లెడ చేశాయి, ఇంకోదాన్ని పక్కచేను బాబాయి తీసుకెళ్లాడు. ఎండలు ముదిరాయి కదా, ఇంకేం వానలే అని నాన్న కొత్తవి తేవడం వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆ ఆదివారం అన్నాల వేళకి దక్షిణప్పక్క ఆకాశం నల్లబడింది. మొదట ఎవరం నమ్మలేదు. తర్వాత చల్లగాలి వచ్చింది. మిరపకాయలు కల్లంలో ఉన్నప్పుడు చల్లగాలి వీస్తే మా ఊళ్లో ఎవరికీ హాయిగా ఉండదు. విస్తళ్ల ముందునుంచి లేచి అందరం కల్లానికి పరిగెత్తాం. అమ్మా, కూలికొచ్చిన ఆడవాళ్లూ కాయల్ని నడిమధ్యకి ఊడ్చి కుప్ప చేస్తుంటే, నాన్న రోడ్డు మీదికొచ్చి ట్రాక్టరు కోసం చూశాడు. ఊళ్లో ఉన్న ట్రాక్టర్లన్నీ ఎవరి కల్లాల దగ్గర వాళ్లకి ఉరుకుతున్నాయి. ఆయన మోపెడ్ అద్దంకిలో మెకానిక్కు దగ్గర ఇంజను విప్పేసి ఉంది. నాన్న చూపు అటూ ఇటూ తిరిగి, ఆఖరికి రోడ్డు పక్కన నిలబెట్టిన నా బండి మీద ఆగింది. నేను ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన చూపది.

"నేను తెస్తాను నాన్నా పట్టలు," అన్నాను. "నా బండి ఉన్నదే సామాను మొయ్యడానికి." (ఈ రెండో మాట అనకపోయినా పోయేది.)

"ఆదివారం, అద్దంకిలో కొట్టు కట్టేసుంటది," అంది అత్త, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ. "ఆయన ఇల్లు నాకెరుక. పద, నేనూ వస్తన్నా."

అత్త అప్పటిదాకా ఆటోలూ బస్సులూ తప్ప మోటారుసైకిలు ఎక్కి ఎరగదు. నా భుజం పట్టుకుని, టాప్‌బాక్సుకి మోకాలు తగిలించుకుని, క్రాష్‌గార్డుని తిట్టుకుంటూ ఎక్కింది. బండి కదిలాక రెండు నిమిషాలు నా చొక్కా గట్టిగా పట్టుకుంది. తర్వాత పట్టు సడలింది. వెనక దిండుకి చేరగిలబడి పెద్దగా నిట్టూర్చింది.

"ఒరేయ్ అల్లుడూ, ఇంత మెత్తగా ఉందేందిరా? నా పెళ్లిలో కుర్చీ కూడా ఇట్టా లేదు. ఇదంతా ఎందుకు పెట్టించావు?"

"దూరం వెళ్లడానికత్తా. లడఖ్ వెళ్తన్నా."

"అక్కడేముంది?"

"కొండలు."

"కొండలు చీమకుర్తిలో లేవా?"

"ఉన్నాయి..."

"ఉన్నయ్యన్నీ మీ ఆఫీసోళ్లే కోసి అమ్ముకుంటన్నారుగా. అందుకని అంత దూరం పోవాల్సొచ్చిందా?"

గేరు మార్చి వేగం పెంచాను. ఈలోగా స్టాండులో ఉన్న నా ఫోను ఇంగ్లీషులో ఏదో అంది. పొద్దున సరదాకి లడఖ్ ఎంత దూరమో చూద్దామని మ్యాపు పెట్టి, ఆపడం మర్చిపోయాను.

"ఎవర్రా ఆ పిల్ల?" అంది అత్త.

"దారి చెబుతుందత్తా."

"అద్దంకికి దారి మనకి ఆవిడ చెప్పాలా? ముందది కట్టెయ్, ఉరుముతుంటే."

అద్దంకిలో పట్టల కొట్టాయన ఇంట్లో అన్నం తింటున్నాడు. అత్త గుమ్మంలో నిలబడి, "తమ్ముడూ, చెయ్యి కడుక్కో, కాయలు తడుస్తన్నయ్" అంది. ఆయన మారుమాట్లాడకుండా చెయ్యి కడుక్కుని, లుంగీ మీదే వచ్చి షట్టరెత్తాడు. పురుగుమందు కొట్టే మిషన్లు, తాళ్లు, పలుగులు, గొట్టాలు అమ్మే కొట్టది. లోపలి నుంచి రెండు పెద్ద నీలం పట్టలు తెచ్చి బండి దగ్గర పడేశాడు. మడతపెట్టి ఉన్నవే ఒక్కోటి ఇంట్లో పరుపంత ఉంది.

నేను దర్జాగా పక్కపెట్టె తెరిచాను. పట్టలో పావువంతు కూడా దూరలేదు. సామాను తీసేస్తే పడుతుందేమోనని పొయ్యీ, పంపూ, స్ప్రే, రెయిన్‌కోటూ, అన్నీ తీసి కొట్టు మెట్ల మీద పేర్చాను. అత్త బొచ్చు తొడుగులు ఎత్తి చూసి, "ఇయ్యేందిరా, పొయ్యి మీంచి కుండ దించుకోడానికా?" అంది. పెట్టె ఖాళీ అయింది గానీ దాని నోరు మాత్రం పెరగలేదు. టాప్‌బాక్సు సంగతి చెప్పనే అక్కర్లేదు, అందులో నా హెల్మెట్టు పట్టడమే కష్టం. నా బండికి ఎన్ని రకాల సామానైనా మొయ్యగల ఏర్పాట్లున్నాయి, నిజంగా మొయ్యాల్సిన సామానుకి తప్ప.

"ఆ పెట్టె, ఆ దిండు తీసేయండి బాబూ," అన్నాడు కొట్టాయన. "సీటు మీద అడ్డంగా ఏసి కట్టుకుంటే సరిపోద్ది."

అప్పుడు బయటపడింది అసలు చిక్కు. దిండు విప్పాలంటే ఆరుమూలల తాళంచెవి లాంటిది ఒకటి కావాలి. అది బండితోపాటే ఇచ్చారు, భద్రంగానే ఉంది. ఎక్కడా అంటే సీటు కింద. సీటు తియ్యాలంటే ముందు దిండు విప్పాలి. నేను ఈ సంగతి వాళ్లిద్దరికీ వివరంగా చెప్పాను. చెబుతున్నంతసేపూ అత్త నా మొహం వైపే చూసింది.

"ఎవడు పెట్టాడ్రా అక్కడ?"

"నేనే."

పైన ఉరిమింది. కొట్టాయన లోపలికెళ్లి, మందు కొట్టే మిషన్లు విప్పే పనిముట్ల డబ్బా మొత్తం తెచ్చి నా ముందు బోర్లించాడు. ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూస్తూ పోతే ఆఖరికొకటి సరిపోయింది. దిండు విప్పాను, టాప్‌బాక్సు విప్పాను, దాని కింద ఇనప పలకా విప్పాను. అన్న గుంటూరులో నెలల తరబడి ఒక్కొక్కటిగా బిగించిన సౌభాగ్యమంతా అద్దంకి రోడ్డు మీద కుప్పగా పడింది. పట్టలు రెండూ సీటు మీద అడ్డంగా వేసి కట్టాం. పక్కపెట్టెలు మాత్రం రెండువైపులా బల్లల్లా వాటి బరువుని ఆనుకున్నాయి. అది చూసి నా ప్రాణం కొంచెం లేచొచ్చింది.

"మిగతాయి ఇక్కడుంచి పోండి బాబూ. రేపొచ్చి తీసుకోవచ్చు. ఎవరు పట్టుకుపోతారు వీటిని?" అన్నాడు కొట్టాయన. ఆయన మంచికే అన్నాడు. కానీ 'ఎవరు పట్టుకుపోతారు' అన్న మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. లేదు, తీసుకెళ్తానన్నాను. పక్కపెట్టెల మూతలు పట్టల కింద పడిపోయాయి కనక సామానంతా టాప్‌బాక్సులో కుక్కి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక రెండు చేతులా ఎత్తుకుని నిలబడ్డాను.

అత్త నన్నూ, ఆకాశాన్నీ ఒకసారి చూసింది. "పంట పోతంటే పెట్టె కోసం ఏడుస్తన్నాడు, ఈణ్ణి కన్నందుకు మా మరదలు ఏం నోము నోచిందో," అని పైకే అనుకుని, మళ్లీ ఏమనిపించిందో, "సరే, ఇటియ్యి, చిన్నపిల్లోడి మొహం పెట్టమాక" అంది.

ఆ తిరుగు ప్రయాణం మా ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. పట్టల మీద, మనిషెత్తున, అత్త కూర్చుంది. కాళ్లు రెండూ పక్కపెట్టెల మీద. ఒళ్లో టాప్‌బాక్సు, చంకలో దిండు. కింద ఎక్కడో నేను. దారిలో పొలాల నుంచి ఇళ్లకి ఉరుకుతున్నవాళ్లు ఆగి మరీ చూశారు. పెద్ద చినుకులు నాలుగు ముందు అద్దం మీద పడ్డాయి, దాని మీదున్న దుమ్ము బురదై ముందు దారి కనపడకుండా పోయింది. గాలి తగలకూడదని పెట్టించుకున్న విండ్‌షీల్డు మీంచి మెడ సాచి, మొహానికి గాలంతా కొట్టించుకుంటూ నడిపాను. అత్త పైనుంచి దారి చెప్పింది. "గుంట... గుంట... ఎడంపక్క గేదె... ఒరేయ్ గేదెరా!" (నా ఫోన్లో పిల్ల కంటే చాలా బాగా చెప్పింది.)

కల్లం దగ్గర బండి ఆగేసరికి కాయలన్నీ కుప్పయ్యాయి. తాళ్లు తెంపి పట్టలు లాగి కుప్ప మీద పరిచాం. పరిచామో లేదో గాలి వాటి కిందికి దూరింది. అమ్మా, కూలీలూ తలో అంచూ పట్టుకుని వేలాడుతున్నారు, ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోంది. అంచుల మీద బరువు పెట్టాలి. మాది నల్లరేగడి నేల. వెతికినా పిడికెడంత రాయి దొరకదు. (ఒంగోల్లో నా కుర్చీ చుట్టూ ఉన్నవన్నీ రాళ్ల లెక్కలే.) నాన్న ఒక్క క్షణం చుట్టూ చూసి అరిచాడు.

"ఆ పెట్టెలు ఊడదీసి మట్టి నింపరా!"

పక్కపెట్టెలకి బండి తాళంచెవే సరిపోతుంది. రెండూ ఊడదీశాను. కూలికొచ్చిన ఆడవాళ్లు పారలతో మట్టిగడ్డలు ఎత్తి నింపేశారు. టాప్‌బాక్సులోంచి పొయ్యీ తొడుగులూ గడ్డిలో పడ్డాయి, వాటి స్థానంలో మట్టి పడింది. మూడు పెట్టెలు మూడు మూలల్లో కూర్చున్నాయి. నాలుగో మూల, గాలి వచ్చే వైపుది, ఇంకా కొట్టుకుంటోంది. నాన్న దాని మీద మోకాళ్లతో కూర్చుని నా వైపు చూశాడు.

"బండి ఎక్కించు."

"ఎక్కడికి నాన్నా?"

"పట్ట మీదికిరా! అంత బండి ఉంది దేనికి?"

ఎక్కించాను. రెండు చక్రాలూ పట్ట అంచు మీద పడేలా నిలబెట్టి స్టాండు వేశాను. అప్పటికీ అంచు వణుకుతోంది. "నువ్వు కూడా ఎక్కి కూర్చో" అన్నాడు నాన్న. అప్పుడు దిగింది వాన. అలాంటి వాన మా వైపు ఆ నెలలో నేనెప్పుడూ చూడలేదు. ఎటూ కదలని బండి మీద, జెల్ సీటు మీద, హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని, అద్దం వెనక తల వంచుకుని కూర్చున్నాను. రెయిన్‌కోటు గడ్డిలో మడత విప్పకుండా తడుస్తోంది. నాన్న పక్క అంచు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అత్త నా దిండుని నేలమీద వేసుకుని, దాని మీద కూర్చుని తన వైపు అంచుని రెండు కాళ్లతో తొక్కిపట్టి వానదేవుడికి తీర్పు చెబుతోంది. నాకు భయం వేసింది. అప్పటిదాకా ఆ కాయలంటే ఇంట్లో ప్రతి ఏడూ ఉండేవేగా అనుకున్నానే గానీ, నాన్న అలా తల మీంచి నీళ్లు కారుతుంటే కళ్లు మూసుకుని పట్టని అరచేతులతో అదిమి పట్టుకోవడం చూశాక, దాని కింద ఏముందో అర్థమైంది. ఆ తర్వాత నేను కూడా బండిని బరువెక్కించడానికి ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. (ఊపిరి బిగబడితే బరువు పెరగదని తెలుసు. ఆ సమయానికి తోచలేదు.)

వాన ఎంతోసేపు కురవలేదు. వచ్చినంత హఠాత్తుగానే వెళ్లిపోయింది. నాన్న లేచి పట్ట అంచు ఎత్తి లోపలికి చెయ్యి పెట్టాడు. ఆయన ఒక కాయ బయటికి తీసి చెవి దగ్గర ఆడించాడు. గింజలు గలగలమన్నాయి. ఇంకోచోటు నుంచి ఇంకోటి తీశాడు. అదీ గలగలమంది. అడుగున ఒక పక్క తడిసిన కాయలు తర్వాత తెల్లబడి తాలు కింద, తక్కువ ధరకి, పోయాయి, అందులో ఎక్కువ భాగం అత్తవే. ఆవిడ ఆ విషయం మీద నన్ను ఒక్క మాట అనలేదు, టాప్‌బాక్సు విప్పడానికి పట్టిన సేపు గురించి మాత్రం ఇప్పటికీ అంటుంది. మిగతా పంటంతా నిలిచింది. నాన్న చేతులు తుడుచుకుంటూ నా బండి దగ్గరికొచ్చాడు. చక్రాలు పట్టతో సహా మట్టిలోకి దిగబడి ఉన్నాయి. ట్యాంకు మీద ఒక దెబ్బ వేసి, "బరువున్న బండేరా" అన్నాడు. నా బండి గురించి ఆయన నోట వచ్చిన మొదటి మెప్పు అది. మోటారుసైకిలు తయారుచేసినవాళ్లు ఆశించే మెప్పు అదేనా అంటే నాకు తెలియదు.

సోమవారం పొద్దున పెట్టెల్లేకుండా ఒంగోలు బయల్దేరాను. హైవే ఎక్కాక ఆశ్చర్యపోయాను. వంకర టింకరగా వెళ్లమన్నా వెళుతోంది, ఆగమంటే ఆగుతోంది. అంత చక్కటి బండి నా దగ్గరుందని అప్పటిదాకా నాకు తెలియలేదు. వారం రోజులు హాయిగా తిరిగాను. ఆ తర్వాత జీతం పడింది, నేను మళ్లీ గుంటూరు వెళ్లి ఆ వెనక దిండునీ, ఆ రోజు తాళ్ల రాపిడికి చిరిగిన ట్యాంకు సంచీ బదులు కొత్తదాన్నీ బిగించుకున్నాను. బుద్ధి అనేది వానకి వచ్చి ఎండకి పోతుంది కాబోలు. పెట్టెలు మాత్రం తిరిగి రాలేదు. అమ్మ వాటిని కడిగి, ఎలుకలు దూరవని ఒకదాంట్లో చింతపండు, ఇంకోదాంట్లో కందిపప్పు, మూడోదాంట్లో మినుములు పోసేసింది. లడఖ్ మాట ఆఫీసులో కొన్నాళ్లు నడిచి, నేను ఉద్యోగం మారడంతో ఆగిపోయింది. నేనింతవరకూ వెళ్లలేదు.

వానచెమ్మ పోయేదాకా మళ్లీ ఆరబెట్టి, ఆ నెలాఖర్లో కాయలు గోతాలకెత్తి లారీలో గుంటూరు మిర్చి యార్డుకి పంపాం. లారీ క్యాబిన్‌లో చోటు లేదు. బస్సుకి వెళ్తాడేమో అనుకుంటుంటే నాన్న చొక్కా మార్చుకుని వచ్చి నా వెనక ఎక్కి కూర్చున్నాడు. రెండో హెల్మెట్టు ఇస్తే పెట్టుకుని, దిండుకి వీపు ఒకసారి ఆనించి చూసి, మళ్లీ నిటారుగా కూర్చున్నాడు. చిలకలూరిపేట దాటేదాకా నిటారుగానే ఉన్నాడు. ఆ తర్వాత వెనక్కి వాలాడు. గుంటూరు దగ్గరపడుతుండగా ఆయన తల మెల్లగా ముందుకొచ్చి నా భుజం మీద ఆగింది. కోతలప్పటి నుంచి ఆయన సరిగ్గా నిద్రపోయింది లేదు. నేను వేగం తగ్గించాను. రోడ్డు మీద చిన్న గతుకొచ్చినా చుట్టూ తిప్పి నడిపాను. యార్డుకి తిరిగే మలుపు వచ్చింది. బ్రేకు వేస్తే లేస్తాడని, తిరగకుండా నేరుగా పోనిచ్చాను.

కొంత దూరం పోయాక భుజం మీంచి గొంతు వినిపించింది.

"మలుపు దాటొచ్చావు కదరా."

ఉలిక్కిపడ్డాను. "నిద్రపోలేదా నాన్నా? ఎప్పుడు లేచావు?"

"మలుపుకి ముందే."

"మరి చెప్పొచ్చుగా!"

"చెబ్దామనే అనుకున్నా," అన్నాడు, తల తీయకుండానే. "కూర్చోడానికి బాగుందిరా ఇది. ఇంకో రెండు మైళ్లు పోయి తిప్పుకో."

అలాగే పోయి తిప్పుకున్నాను. గెలిచినవాడిలా హెల్మెట్టులో ఒక్కణ్ణే నవ్వుకుంటూ, సరిగ్గా రెండు మైళ్లకే బుద్ధిగా బండి వెనక్కి తిప్పిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎక్కడైనా ఎదురైతే, రెండు కాదురా, ఇంకో పది పోనివ్వు, యార్డు ఎక్కడికీ పోదులే అని చెబుతాను.